ఎంగిలి విస్తరా, మారు వడ్డనా?

మియాపూర్ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆయనకు 45 ఏళ్లు. సొంతూరు విజయవాడ దగ్గర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద 2008లో టోక్యో వెళ్లి, నిషి కసాయిలో ఎనిమిదేళ్లు ఉన్నారు. జపనీస్ భాష పట్టుబడాలని అద్దె డీవీడీల షాపులో ఒక పాత యానిమేషన్ టీవీ సీరియల్ తీసుకున్నారు. 1979లో వచ్చిన ‘మొబైల్ సూట్ గండమ్’, మనుషులు లోపల కూర్చుని నడిపే పెద్ద మర మనుషుల యుద్ధ కథ. 43 భాగాలూ మూడుసార్లు చూశారట. 2009 వేసవిలో ఒదైబాలో 18 మీటర్ల గండమ్ బొమ్మను నిలబెడితే, కడుపుతో ఉన్న భార్యను వెంటబెట్టుకుని ఎండలో వెళ్లి చూసొచ్చారు. ఆ మర మనిషి తల తిప్పుతూ ఒంట్లోంచి పొగమంచు వదులుతుంటే ఈయనకు కళ్లు చెమర్చాయి. ఆవిడ మాత్రం, ‘పేరులోనే గండం ఉంది, దీన్ని ఇంటిదాకా తీసుకురాకండి’ అన్నారట.

అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు పదో తరగతి. బొమ్మలు వేస్తుంది. నాయనమ్మ చెప్పిన కథల్ని గళ్లు గళ్లుగా గీసి, బుడగల్లో మాటలు రాసి నోటుపుస్తకాలు నింపేది. మొన్న జూలైలో తండ్రి పుట్టినరోజుకి, పండగలకు పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బులన్నీ పోగేసి, ‘గండమ్: ది ఆరిజిన్’ కామిక్స్ మొదటి మూడు సంపుటాలు తెప్పించి ఇచ్చింది. ఆ పాత సీరియల్ కథనే బొమ్మల పుస్తకాలుగా మళ్లీ చెప్పిన వరస అది. అక్కాబావలు, వాళ్ల పిల్లలు, అందరూ భోజనాలకు కూర్చుని ఉన్నారు. ఈయన కాగితం విప్పి చూసి, ‘అసలుది తిన్నవాడికి ఎంగిలి విస్తరి ఎందుకే తల్లీ? ఒకళ్లు చేసింది చూసి గీయడం కూడా ఒక పనేనా?’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరూ నవ్వారు. పిల్లా నవ్వింది. పుస్తకాలు పట్టుకెళ్లి తన అలమరలో పెట్టుకుంది.

రెండు వారాల తర్వాత నిద్ర పట్టని ఒక రాత్రి, తప్పులు వెతుకుదామనే మొదటి సంపుటం తీశారు. మూసేసరికి నాలుగయింది. ఆ తర్వాత పిల్ల పడుకున్నాక ఒక్కోటి తెచ్చుకుని చదవడం, తెల్లారేలోపు అదే వరసలో పెట్టేయడం. మూడూ అయిపోయాక మిగతావి ఆఫీసు చిరునామాకు తెప్పించుకున్నారు. అవి కారు డిక్కీలో స్టెప్నీ పక్కన ఉంటాయి. మధ్యాహ్నం భోజనం వేళ సెల్లార్ పార్కింగ్‌లో కారులోనే కూర్చుని చదువుతున్నారు. ప్రస్తుతం ఏడోది నడుస్తోంది. ఈ దొంగ చదువులో మూడో సంపుటం మీద టీ ఒలికింది. ఇంట్లో టీ తాగేది ఆయనొక్కరే. ఎంత తుడిచినా మరక పోలేదు.

ఈలోగా పిల్ల గీయడం మానేసింది. అడిగితే, ‘ఇప్పుడవెందుకు నాన్నా, పరీక్షలున్నాయి కదా’ అంటోంది. తల్లికి లోలోపల సంతోషం. దానంతట అదే మానేసింది, మార్చిలో పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా మీరు కెలకద్దు అని ఆవిడ మాట. టోక్యో రోజుల నాటి మిత్రులకు చెప్పుకుందామంటే, ఇన్నేళ్లూ కామిక్స్‌ను దుమ్మెత్తిపోసింది నువ్వే కదరా అని ఏడిపిస్తారు.

ఆయన అడిగినవి రెండు. ఇప్పుడు ఈ పుస్తకాలు నచ్చాయంటే, ఇన్నేళ్లు ప్రేమించిన అసలుదానికి ద్రోహం చేసినట్టా? ఈ సంగతి అమ్మాయికి చెప్పాలా, చెబితే ఎప్పుడు, ఎలా?

*

మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి కారణం ఉంది. నా బొమ్మల కథలు చందమామతో మొదలై చందమామతోనే ఆగిపోయాయి. తెలియని విషయం మీద సలహా చెప్పకూడదని, ఇలాంటివి కొనే మా మేనల్లుణ్ని పట్టుకుంటే వాడి దగ్గర ఒకటో సంపుటం, ఐదో సంపుటం దొరికాయి. ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు చదవాలని తెలియక మొదటి రోజు కొస నుంచి మొదలుపెట్టాను. కథ వెనక్కి నడుస్తోందేమిటా అని అరగంట తికమకపడ్డాక వాడు వచ్చి నవ్వి తిప్పి ఇచ్చాడు. వెనకటి చరిత్ర కూడా వాడే కూర్చోబెట్టి చెప్పాడు.

మీ అనుమానం అన్యాయమైనదని నేను అనను. ఏదైనా ఒకటి ఆడిందంటే దాని పేరుతో పుస్తకాలూ బొమ్మలూ అచ్చేసి నాలుగు డబ్బులు రాబట్టుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. అవి తెరవగానే తెలిసిపోతాయి. ముఖాలు అతికించినట్టు ఉంటాయి, మాటలు యథాతథంగా దింపేసి ఉంటాయి. అలాంటివి పది చూసినవాడు పదకొండోదాన్ని ముట్టుకోకపోతే నేను తప్పు పట్టను. మీరు ముట్టుకోకుండానే తీర్పు చెప్పారు, అదీ నలుగురిలో. గొడవంతా అక్కడుంది.

మీ ఆరు పేజీల్లో ఒక మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు. యసుహికో యోషికాజు. టొమినో యోషియుకి దర్శకత్వం చేసిన ఆ సీరియల్‌కి పాత్రల రూపురేఖలన్నీ గీసింది ఆయనే. మీరు మూడుసార్లు చూసిన కథానాయకుడు అమురో ముఖం, సేలా ముఖం ఆయన చేతివి. సీరియల్ నడుస్తుండగానే జబ్బుపడి ఆస్పత్రిలో చేరాడు. చివరి భాగాలు ఆయన లేకుండానే తయారయ్యాయి. చూసేవాళ్లు తక్కువై, 52 భాగాలు అనుకున్నది 43కే ముగించేశారు కూడా. తర్వాత సీరియల్‌ను మూడు సినిమాలుగా కుదించారు. 1982లో మూడోదానికి చాలా దృశ్యాలు మళ్లీ గీశాడు గానీ అది కుదించిన కథ. 1980ల చివరికి యానిమేషనే వదిలేసి కామిక్స్ గీసుకుంటూ బతికాడు. అలాంటివాడు 2001లో, 53 ఏళ్ల వయసులో, మొత్తం కథను మొదటి నుంచీ కుంచెతో కాగితం మీద పెట్టడం మొదలుపెట్టి 2011 దాకా పదేళ్లు గీశాడు. జపాన్‌లో 23 సంపుటాలు, ఆ మీద ఒక ప్రత్యేక సంపుటం. ఇంగ్లీషులో వాటినే 12గా కట్టారు.

వండినవాడే వడ్డన మధ్యలో జ్వరంతో పడిపోయి, ఇరవై ఏళ్లకు లేచి వచ్చి మళ్లీ గరిటె పట్టుకున్నాడు. మా ఇళ్లలో దాన్ని మారు వడ్డన అంటారు.

పైగా 1979 నాటి పాకంలో కూడా అన్నీ ఇష్టపడి వేసినవి కావు. ఆటబొమ్మల కంపెనీ డబ్బుతో నడిచిన సీరియల్ అది. వారం వారం ఒక పోరాటం ఉండాలి, అంగట్లో అమ్మడానికి కొత్త యంత్రం ఒకటి దిగాలి. సినిమాలుగా కుదించేటప్పుడు టొమినోనే వాటిలో ఒక యంత్రాన్ని తీసి అవతల పారేశాడు. మీరు అసలు అని కళ్లకద్దుకుంటున్నది దాన్ని చేసినవాళ్లకే పూర్తి తృప్తి ఇవ్వలేదన్నమాట. నాకైతే ఆ సంగతి తెలిశాక ఆ పాత సీరియల్ మీద జాలితో కూడిన ఇష్టం ఏర్పడింది. చూడకుండానే.

ఐదో సంపుటం గురించి రాసినచోట మీ దస్తూరీ మారిపోయింది, గమనించారా? అంతవరకూ విడివిడిగా ఉన్న అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. షార్, సేలా అనే అన్నాచెల్లెళ్ల చిన్నతనం పాత సీరియల్లో రెండు మూడు చోట్ల జ్ఞాపకంగా మెరిసి పోతుంది. ఇక్కడ దానికి పుస్తకాలే కేటాయించాడు. తండ్రి పోయాడు. తల్లి అక్కడే ఉండిపోవాలి. పిల్లలిద్దరూ దొంగచాటుగా భూమికి పారిపోవాలి. చెల్లెలు పిల్లిని వదలనంటుంది. మీరు రాసిన వాక్యం ఇది: ‘టీవీలో అయితే ఆ క్షణం దానంతటది వెళ్లిపోతుంది. పేజీ మీద నేను తిప్పేదాకా ఆ పిల్ల అలాగే ఉంటుంది, తిప్పబుద్ధి కాలేదు.’ ఎన్నాళ్లుగానో ఉత్తరాలు చదువుతున్నాను. చిత్రకథ ఏం చేయగలదో ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. చెప్పింది దాన్ని ఎంగిలి విస్తరి అన్న మనిషి.

ఇంకో తమాషా. ఇదే పేరుతో 2015 నుంచి 2018 దాకా ఆరు భాగాలుగా వచ్చిన యానిమేషన్‌ను మీరు అప్పుడే చూసి మెచ్చుకున్నారు, ‘కానీ అది వేరు’ అని రాశారు. వేరెలా అవుతుంది? అది ఈ పుస్తకాల్లోని ఆ చిన్ననాటి కథనే మళ్లీ తెర మీదికి ఎక్కించింది, యసుహికో స్వయంగా పర్యవేక్షించి. తెర నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకు. ఇందులో ఎవరిది విస్తరి, ఎవరిది ఎంగిలి?

ద్రోహం సంగతి అంటారా, పార్కింగ్‌లో ఆ పుస్తకం తెరిచినప్పుడు షార్ మాటలు మీకు ఎవరి గొంతులో వినిపిస్తున్నాయి? ఇకెదా షూయిచి గొంతులోనే కదా. కాగితానికి గొంతు లేదు, అది మీరు తెచ్చి పోస్తున్నారు. పాతది పోతే ఈ పుస్తకం మీకు సగమే వినిపించేది. మొదటి ప్రశ్నకు ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మిత్రులు నాలుగు రోజులు ఏడిపిస్తారు, ఏడిపించనీయండి.

ఇప్పుడు అమ్మాయి సంగతి. ఇక్కడ మిమ్మల్ని ఒక విషయంలో హెచ్చరించాలి.

పైన నేను చెప్పిన కథంతా, అసలు చిత్రకారుడే మళ్లీ గీశాడు కాబట్టి ఇది ఎంగిలి కాదన్న వాదన, మీకు హాయిగా ఉంటుంది. పౌరుషం పోకుండా మాట మార్చుకోవచ్చు. దాన్ని మాత్రం అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లకండి. ఆ పిల్ల గీసేది నాయనమ్మ కథలు. ఆ కథలు తనవి కావు. నాయనమ్మవి కూడా కావు, ఆవిడ ఎవరి దగ్గరో విన్నవి. ‘అసలు మనిషే గీస్తే పరవాలేదు’ అని మీరు అన్నారనుకోండి, ఆ పిల్ల మనసులో లెక్క ఇలా నడుస్తుంది: అయితే నాది ఎంగిలే. భోజనాల దగ్గర మీరన్న రెండు వాక్యాల్లో విస్తరి మాట మీకు గుర్తుండిపోయింది. పిల్లకు తగిలింది రెండోది. ‘ఒకళ్లు చేసింది చూసి గీయడం కూడా ఒక పనేనా?’ తన నోటుపుస్తకాలన్నీ అదే పని.

ఆ మాట మొదలే నిలబడదు. ఆకాశంలో పోరాడే ఆ లోహపు కవచాల ఊహ కూడా గండమ్ వాళ్లకు శూన్యంలోంచి ఊడిపడలేదు. అమెరికన్ రచయిత హైన్‌లైన్ నవలలో సైనికులు తొడుక్కునే కవచాల ప్రభావం దాని మీద ఉంది. మీరు 18 మీటర్ల ఎత్తున చూసి కళ్లు తుడుచుకున్నది, ఒకళ్లు రాసింది చదివి ఇంకొకళ్లు గీసినదే.

మీ ముందు నాలుగు దారులున్నాయి. మీ ఆవిడ చెప్పినట్టు మార్చి దాకా ఆగడం ఒకటి. ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయను. పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో అన్నం కూడా టైంటేబుల్ ప్రకారమే ఉడుకుతుంది. కానీ పరీక్షలు అయిన వెంటనే ఏ గ్రూపు, ఏ కాలేజీ అనే హడావిడి మొదలవుతుంది. అప్పటికి మీ మౌనం ఎనిమిది నెలలది అవుతుంది. బొమ్మల గురించి నాన్న అభిప్రాయం ఏమిటో ఆ పిల్ల అప్పటికి ఖాయం చేసుకుని ఉంటుంది, ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకునే తన దారి ఎంచుకుంటుంది. మార్కులు నాలుగు పెరగవచ్చు, పెరగకపోనూ వచ్చు. గీయడం మానేసిన పిల్ల ఆ గంటలో తప్పకుండా లెక్కలే చేస్తోందని మీకెవరు చెప్పారు?

అన్న చోటే వెనక్కి తీసుకోవాలని, సంక్రాంతికి అక్కాబావలు వచ్చినప్పుడు అందరి ముందూ చెబుతానని రాశారు. న్యాయంగానే తోస్తుంది. అయితే పదిహేనేళ్ల పిల్లకు తన పేరు మీద సభ జరగడం అంత చిరాకు పుట్టించేది మరొకటి లేదు. మీ బావగారు ఇంకో చమత్కారం విసిరారంటే, రెండోసారి కూడా ఆ పిల్ల నవ్వాల్సి వస్తుంది. ముందుగా మీరూ అమ్మాయీ గదిలో మాట్లాడుకున్నాక, సంక్రాంతికి ఆ పుస్తకాల్లో ఒకటి హాల్లో మీ చేతిలో కనిపిస్తే చాలు. మీ అక్కగారు అడుగుతారు, మీరు చెబుతారు.

డిక్కీలోవి తెచ్చి చప్పుడు చేయకుండా అలమరలో ఆ మూడింటి పక్కన పెట్టేయడం మూడో దారి. మీ స్వభావానికి ఇదే సులువు, అందుకే నాకు దీని మీద అనుమానం. చూడగానే పిల్ల సంతోషిస్తుంది, నిజమే. కానీ తనను ఓదార్చడానికి కొన్నారనుకునే ప్రమాదం ఉంది. మీరు మాయావిలా పుస్తకాలు ప్రత్యక్షం చేస్తారు, నోరు మాత్రం విప్పరు. మా నాన్నగారి తరం అంతా ఇలాగే క్షమాపణ చెప్పేది, సాయంత్రం మిఠాయి పొట్లం తెచ్చి గూట్లో పెట్టి. తిన్నాం. అన్న మాటలు మాత్రం ఇవాళ్టికీ గుర్తున్నాయి.

నాకు మొగ్గు ఉన్నది నాలుగోదాని మీద. ఆ పిల్ల దగ్గర కూర్చుని, పుస్తకం గొప్పదా కాదా అన్న తీర్పు జోలికి పోకుండా, మిమ్మల్ని ఆపిన పేజీ చూపించండి. నాకు రాసిన వాక్యమే చెప్పండి, తిప్పబుద్ధి కాలేదని. గీసేవాళ్లకు ‘బాగుంది’ అనే మాట వల్ల ఒరిగేదేమీ ఉండదు. కన్ను ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెబితే అది వాళ్లకు పనికొచ్చే మాట. ఐదో సంపుటం తన దగ్గర లేదు కాబట్టి మీ డిక్కీ రహస్యం అక్కడే బయటపడుతుంది. పడనీయండి. మీ ఆవిడకు మాత్రం ఒకరోజు ముందే చెప్పండి. తొమ్మిది గట్టి అట్టల పుస్తకాల ఖరీదు స్టెప్నీ పక్కన బయటపడేకంటే మీ నోట వినడం మంచిది.

నచ్చనివి దాచకండి. జాబురో పోరాట ఘట్టాన్ని నాలుగో సంపుటంలోకి లాగి, దానికి ముందు రావాల్సిన ఒడెస్సా పోరాటాన్ని ఎనిమిదిలోకి నెట్టాడని ముప్పావు పేజీ మండిపడ్డారు కదా, అదంతా ఆ పిల్లతో పోట్లాడండి. అన్నీ నచ్చాయన్నారంటే నమ్మదు. పోట్లాడితే నమ్ముతుంది. కథ ఎందుకలా వరస మార్చాడో మీకంటే బాగా ఊహించగలిగేది ఆ ఇంట్లో ఆ పిల్లే, నాయనమ్మ కథల్ని గళ్లలోకి సర్దేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అని తల బద్దలుకొట్టుకున్నది తనే.

ఆ రోజు అన్న మాట గురించి విడిగా ఒక్క వాక్యం చాలు. ‘అది తెలియక అన్న మాట, తప్పు’ అనండి. సమర్థన వద్దు, నవ్వుతూ అన్నానని అసలే వద్దు. నోటుపుస్తకాలు చూపించమని ఆ రోజు అడగకండి. ‘సరే నాన్నా’ అని పిల్ల మళ్లీ లెక్కల పుస్తకం తెరవచ్చు. అలా జరిగితే చిన్నబుచ్చుకోకుండా లేచి వచ్చేయండి. నెల పట్టవచ్చు, అసలు మళ్లీ గీయకపోనూ వచ్చు. అదీ దాని ఇష్టమే.

ఇంకొకటి. అందరూ పడుకున్నాక పుస్తకం తీసి, మళ్లీ అదే వరసలో పెట్టి, ఎవరికీ తెలియలేదని అనుకుంటున్నారు. గీత వంకరపోతే పేజీ చింపేసి మళ్లీ మొదలుపెట్టే పిల్ల అని మీరే రాశారు. తన డబ్బుతో కొన్న పుస్తకంలో, టీ తాగేది ఒక్కరే అయిన ఇంట్లో, మూడు నెలలుగా ఉన్న ఆ మరక ఆ పిల్ల కంట పడలేదంటారా?

మా మేనల్లుడి దగ్గర ఆరో సంపుటం లేదు. ఆ అన్నాచెల్లెళ్లు తర్వాత ఏమయ్యారో, మీ అమ్మాయి జాబురో గురించి ఏమందో, రెండూ కలిపి ఒక కార్డు ముక్క రాయండి.